కర్ర పట్టుకుంటే ముసలమ్మేనా?

దండానికి పది గుణాలున్నాయని సంస్కృతంలో ఒక పాత శ్లోకం ఉంది. పిల్లాణ్ణి కొట్టేటప్పుడు పెద్దవాళ్ళు దాని చివరి ముక్క ఒక్కటే చదువుతారు కాబట్టి అదేదో దెబ్బల గురించిన శ్లోకం అనుకుంటాం. బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని, పూర్తి శ్లోకానికి అర్థం చెబుతాను వినండి. పక్షుల్ని తోలడానికి, కుక్కల్ని అదిలించడానికి, శత్రువుని దూరంగా ఉంచడానికి, పాము నుంచి కాపాడుకోవడానికి, పశువుల్ని మళ్ళించడానికి, బురదలో నిలదొక్కుకోవడానికి, నీళ్ళలో లోతు చూసుకోవడానికి, చూపు లేనివారికి దారి తెలియడానికి, చీకట్లో తడుముకోవడానికి, ఆఖరున ముసలితనంలో ఊతానికి.

లెక్కపెట్టండి. ముసలితనం పదోది. ముందున్న తొమ్మిదీ ఇల్లు దాటి బయట తిరిగే మనిషికి పనికొచ్చేవే. మరి మన ఊళ్ళో ఆడమనిషి చేతిలో కర్ర కనబడగానే ఆ తొమ్మిదీ ఎగిరిపోయి పదోది ఒక్కటే ఎందుకు మిగులుతుంది?

నాకు నలభై ఆరేళ్ళు. చేతిలో కర్రతో కొండలెక్కుతాను. ఆ కర్ర నేనే చేసుకున్నాను. దాని మీద నేను విన్న మాటలు ఇవి. "ఏటి పిన్నీ, మోకాళ్ళు పోనాయేటి?" ఇది పక్కింటి కుర్రాడు. "ఇంకా అంత వయసు రాలేదు కదా వదినా, సందు దాటేదాకా అయినా చెంగు కింద పెట్టుకోకూడదూ?" ఇది మా ఆడపడుచు. నాలుగడుగుల కర్రని చెంగు కింద ఎలా దాస్తారో ఆవిడే చెప్పాలి. దూరపు బంధువు ఒకాయన అయితే నన్ను అడగలేదు, మావారికి ఫోన్ చేశాడు. "ఏం, ఆవిడకి ఒంట్లో బాగోలేదా?" అని.

అదే కర్ర మగవాడి చేతిలో ఉంటే?

పొన్నుకర్ర అనే మాట మీరు వినే ఉంటారు. పొన్ను అంటే కర్ర చివర బిగించే లోహపు కట్టు. ఇత్తడిదో, ఇనుపదో. కర్ర చీలకుండా, అరగకుండా అది కాపాడుతుంది. ఊళ్ళో పెద్దమనిషి అంటే ఎలా ఉండాలి? భుజం మీద కండువా, కాళ్ళకి కిర్రు చెప్పులు, చేతిలో పొన్నుకర్ర. మా నాన్న ముప్ఫై అయిదేళ్ళకే పట్టారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు లేవు. పొలానికి వెళ్ళినా, తగువు తీర్చడానికి వెళ్ళినా, ఊరికే రచ్చబండ దగ్గర కూర్చోడానికి వెళ్ళినా కర్ర ఉండాల్సిందే. దాన్ని ఎవరూ ఊతం అనలేదు, హోదా అన్నారు. గాంధీగారు 1930లో అరవయ్యేళ్ళ వయసులో వెదురుకర్ర పట్టుకుని సబర్మతి నుంచి దండి దాకా 24 రోజులు నడిచారు. దేశంలో ప్రతి ఊళ్ళోనూ ఆ కర్రతోనే ఆయన విగ్రహం ఉంది. దాన్ని చూసి "పాపం, మోకాళ్ళు పోయినట్టున్నాయి" అన్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

కర్ర ఉన్నవాడిదే బర్రె అని సామెత. ఉన్నవాడిదే. ఉన్నదానిది అని సామెతలో కూడా లేదు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదని ఎందుకంటున్నానో చెబుతాను. మా అమ్మ పుట్టిల్లు నెల్లిమర్ల దగ్గర పల్లె. రామతీర్థం కొండలు వాళ్ళ పెరట్లోంచి కనిపిస్తాయి. చిన్నప్పుడు చింతపండూ ఉప్పూ కొంగున కట్టుకుని ఆ కొండలన్నీ తిరిగిన మనిషి. పెళ్ళయ్యాక కూడా ఏటా జాతరకి వెళ్ళి మెట్లెక్కి వచ్చేది. యాభై నాలుగో ఏట మోకాలు పట్టేసింది. డాక్టరు బిళ్ళలు రాసి, "కర్ర పట్టుకుని నడవండమ్మా, నడక మాత్రం మానకండి" అన్నాడు. అమ్మ బిళ్ళలు మింగింది. కర్ర మాత్రం ముట్టుకోలేదు. "కర్రట్టుకుని నలుగురిలోకీ ఎల్లమంటావేటే? ముసల్దాన్నయిపోనాననుకోరూ?" అంది.

ముందు కొండ మానేసింది. తర్వాత జాతర మానేసింది. తర్వాత వీధి చివర గుడి. తర్వాత మేడ మెట్లు. చివరికి వసారాలో కుర్చీ. ఆ తర్వాత ఇంకో పదిహేడేళ్ళు బతికింది. ఆ పదిహేడేళ్ళూ నాన్న పొన్నుకర్ర తలుపు వెనక మేకుకి వేలాడుతూనే ఉంది. అదే ఇల్లు, అదే కర్ర. ఆయన పడితే పెద్దరికం, ఆవిడ పడితే ముసలితనం. కర్రకి సిగ్గుపడి కొండని వదులుకుంది మా అమ్మ. ఆ సిగ్గు ఆవిడ పుట్టించుకున్నది కాదు, మనమంతా కలిసి ఆవిడకి నేర్పించినది. అందుకే "పోనీలే, కర్రదేముంది" అంటే నేను ఒప్పుకోను. మోకాళ్ళ అరుగుదల మగవాళ్ళకంటే మనకే ఎక్కువ, అందులోనూ నెలసరి ఆగిపోయాక మరీ ఎక్కువ. ముందు సాయం అందుకోవాల్సిన చెయ్యి మనది. ముందు వెనక్కి లాక్కునే చెయ్యీ మనదే.

"ఆడవాళ్ళు తిరగడం లేదా ఏమిటి?" అని అడిగేవాళ్ళున్నారు. తిరుగుతున్నారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చూడండి. 32 కిలోమీటర్లు. మన జిల్లా నుంచి ఎన్ని బస్సుల ఆడవాళ్ళు వెళతారో, ఎంతమంది చెప్పుల్లేకుండా రాత్రంతా నడుస్తారో అందరికీ తెలుసు. దేవుడి పేరు చెబితే ముప్ఫై రెండు కిలోమీటర్లకీ ఎవరూ అడ్డు చెప్పరు. "ఊరికే ఆ కొండ మీద ఏముందో చూసొస్తాను" అంటే మాత్రం రెండు కిలోమీటర్లకి కూడా "ఎందుకూ? ఎవరితో? ఎప్పుడొస్తావూ?" మొక్కు ఉంటే కాళ్ళు గట్టివి, కుతూహలం ఉంటే కాళ్ళు బలహీనం!

కార్తీక వనభోజనాల సంగతి చూడండి. తాటిపూడి వెళ్ళినా, పుణ్యగిరి వెళ్ళినా జరిగేది ఒకటే. మగవాళ్ళూ పిల్లలూ జలపాతం చూడ్డానికి పైకి పోతారు. మనం చాపల మీద కూర్చుని పులిహోర బేసిన్లకి కోతుల నుంచి కాపలా కాస్తాం. పాతికేళ్ళుగా వనభోజనాలకి వెళుతున్న ఆడవాళ్ళలో వనం చూసినవాళ్ళు ఎంతమంది? భోజనం మాత్రం మనమే చేసి తీసుకెళతాం.

పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కితే తెలుగువాళ్ళమంతా చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. ఆ పిల్ల తల్లి వయసున్న మనిషి ఊరి పక్క కొండెక్కుతానంటే "ఏటీ వేషాలు" అంటాం. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అని ఒకావిడ ఉండేది. పదకొండుమంది పిల్లల్ని కన్న తల్లి. భర్త చేతిలో ఏళ్ళతరబడి దెబ్బలు తిని విడాకులు తీసుకున్న మనిషి. 1955లో, 67 ఏళ్ళ వయసులో, అపలాచియన్ ట్రైల్ అనే కొండదారిని మొదటి నుంచి చివరిదాకా ఒక్కతే నడిచింది. మూడువేల కిలోమీటర్లకి పైమాటే. కాళ్ళకి గుడ్డ బూట్లు, భుజాన తన చేత్తో కుట్టుకున్న సంచి. పిల్లలతో "అలా నడిచొస్తా" అని చెప్పి బయల్దేరిందట. నాకు ఆ మూడువేల కిలోమీటర్లకన్నా ఆ సంచి ఎక్కువ నచ్చింది. తనకి కావలసింది తనే కుట్టుకుంది.

ఇంకో రకం వాళ్ళున్నారు. మంచి మనసుతోనే అంటారు. "బాగుంది పిన్నీ, ఎవడైనా వెధవ్వేషాలు వేస్తే నాలుగు తగిలించొచ్చు" అని. వీళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఆడదాని చేతిలో కర్ర ఉంటే అది ఊతమో, ఆయుధమో అయితీరాలా? ఒంట్లో బాగోకనో, భయపడో తప్ప మేము ఏదీ పట్టుకోమా? నా కర్ర ఎవర్నీ కొట్టడానికి కాదు. నేలని తట్టడానికి, గడ్డి పక్కకి తోసి చూడ్డానికి, వాగులో లోతు తెలుసుకోడానికి, దిగేటప్పుడు మోకాలి మీద బరువు కొంత పంచుకోడానికి. పాములకి బయటికి చెవులుండవు గాని నేల అదురు బాగా తెలుస్తుంది. ముందు కర్ర తడుతూ నడిస్తే చాలా పాములు వాటి దారిన అవే పోతాయి. దాన్ని చంపక్కర్లేదు, మనం చావక్కర్లేదు. పామూ చావకుండా కర్రా విరగకుండా అన్న సామెతని తప్పించుకు తిరిగేవాళ్ళ మీద వాడతాం గాని, కొండదారిలో అంతకన్నా మంచి సలహా లేదు.

ఇక కర్ర చెయ్యడం సంగతి. "ఆన్‌లైన్లో మడత కర్రలు దొరుకుతున్నాయి కదా, కొనుక్కుంటే పోలా?" అంటారు. కొనుక్కోండి, తప్పులేదు. కాని ఆవకాయ బజార్లో దొరకదా? ఎందుకు పెడుతున్నాం? మనింటి కారం, మనింటి ఉప్పు మనకి తెలుసు కాబట్టి. కర్ర కూడా అంతే. మీ ఎత్తు, మీ చెయ్యి, మీకు నొప్పి పెట్టే మోకాలు ఏదో తెలిసి చేసిన కర్ర వేరు. ఇంకో మాట. మనిళ్ళలో రంపం, సుత్తి, మేకుల డబ్బా మగవాళ్ళవి. బల్బు మార్చడానికి కూడా "మీ ఆయన్ని రానీ" అంటారు. కర్ర చెయ్యడంలో ఉన్న పనేమిటో చూస్తే నవ్వొస్తుంది. నానబెట్టడం, నీడన ఆరబెట్టడం, సెగ చూపించడం, నూనె పట్టించడం. ఇందులో మనకి రానిది ఏది? వడియాలు పెట్టిన చేతికి వెదురు ఒక లెక్కా?

నేను చేసిన పద్ధతి చెబుతాను. వెదురు ఊళ్ళోనే కొన్నాను. పందిళ్ళకీ నిచ్చెనలకీ అమ్మే చోట దొరుకుతుంది. బుట్టలూ చేటలూ అల్లే మేదరామె ఒకావిడ నాకు ఏరి పెట్టింది. వేలితో టకటకా కొట్టి, "లేతదొద్దమ్మా, ఎండితే ముడుసుకుపోద్ది. మూడేళ్ళది పట్టుకెళ్ళు" అంది. లేత వెదురు మీద తెల్లటి బూడిదలాంటి పొడి ఉంటుంది. ముదిరినదాని మీద అది పోయి మచ్చలు పడతాయి, కొడితే ఖంగుమంటుంది. లోపల బోలు తక్కువగా ఉండి, గోడ మందంగా ఉన్నది తీసుకోవాలి. లావు అంగుళం పైన కొంచెం, పట్టుకుంటే బొటనవేలూ చూపుడువేలూ దాదాపు కలవాలి. కొండ మీదికి వెళ్ళి నరకద్దు. సొంత పొలంలో, పెరట్లో పెరిగిన వెదురుని 2017లో అటవీ చట్టం సవరించి చెట్ల జాబితాలోంచి తీసేశారు. అడవిలోది మాత్రం అడవిదే. దాని మీద హక్కులున్నది అక్కడి గిరిజనులకి, షికారుకి వెళ్ళే మనకి కాదు.

కొలత. కొండకి తీసుకెళ్ళే కర్ర గుండెల దాకా ఉండాలి. ఎక్కేటప్పుడు కిందికీ దిగేటప్పుడు పైకీ పట్టు మార్చుకోవచ్చు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, నా కర్ర నాలుగడుగుల మూడంగుళాలు. ఊళ్ళో నడకకి వంపు పిడి ఉన్న చేతికర్ర కావాలంటే ఆ కొలత వేరు. చెప్పులు వేసుకుని, చేతులు వేలాడేసి నిలబడితే మణికట్టు దగ్గర గీత ఎంత ఎత్తులో ఉందో అంత. హాక్సా బ్లేడుతో కోసేటప్పుడు కింది కొస కణుపుకి కొంచెం దిగువన రావాలి. కణుపు దగ్గర లోపల మూసుకుని ఉంటుంది కాబట్టి కర్ర చీలదు.

కోశాక మూడు వారాలు నీళ్ళలో నానబెట్టాలి. వెదురులో పిండి పదార్థం ఉంటుంది. పాత పప్పుకి పురుగు పట్టినట్టే దానికోసం పుప్పి పురుగు చేరుతుంది. నానితే ఆ పిండి నీళ్ళలోకి దిగిపోతుంది. రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చకపోతే వాసనకి ఇంట్లోవాళ్ళు ముందు కర్రనీ తర్వాత మనల్నీ బయటికి పంపిస్తారు. తర్వాత నెల పైన నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది. వంకర ఉంటే బొగ్గుల సెగ మీద తిప్పుతూ వేడిచేసి, మెల్లగా సరిచేసి, తడిగుడ్డతో చల్లార్చాలి. సెగ తగిలినప్పుడు వెదురులోంచి నూనెలాంటిది చెమర్చుతుంది. దాన్ని పొడిగుడ్డతో తుడుస్తూ పోతే కర్ర దానంతటదే మెరుస్తుంది. కణుపుల దగ్గర సాండ్ పేపర్ పెట్టి రుద్దాలి, లేకపోతే అరచేతికి గుచ్చుకుంటుంది.

నూనెకి ఆముదం వద్దు, కొబ్బరినూనె వద్దు. అవి ఆరవు, జిడ్డు వదలదు. అవిసె నూనె ఆరుతుంది. రంగుల షాపులో లిన్సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు. పల్చగా రాసి, మిగిలింది తుడిచేసి, ఆరాక మళ్ళీ రాయాలి. ఒక్క జాగ్రత్త. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. అవి లోపల్లోపల వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి, విడదీసి ఆరబయట ఆరెయ్యండి.

అప్పుడు పొన్ను. కంచరి దగ్గర ఇత్తడి కట్టు వేయించాను. మన శ్రీకాకుళం బుడితి ఇత్తడి పనికి పేరుమోసిన ఊరు, ఇత్తడి మనకి కొత్తా? దాని కింద మందుల షాపులో దొరికే రబ్బరు బుష్ తొడిగాను. రాయి మీద రబ్బరు జారదు. పట్టు దగ్గర అమ్మ పాత నూలు చీర అంచు చింపి, జడలా అల్లి, గట్టిగా చుట్టాను. చెమట పీలుస్తుంది, చెయ్యి జారదు. రెండు చోట్ల చుట్టాను, ఎక్కడానికొకటి, దిగడానికొకటి. అదే అల్లికతో మణికట్టుకి ఒక ఉచ్చు. కింద నుంచి అడుగు అడుగుకీ సూదితో కాల్చి గీతలు పెట్టాను, వాగులో దింపితే లోతు తెలుస్తుంది. పైన ఒక ఈల కట్టాను. వెనక నుంచి వచ్చే బండివాడికి కనబడేలా రేడియం టేపు అంటించాను. ఇన్ని హంగులున్న కర్రని పట్టుకుని ఎవరైనా ముసలమ్మ అంటే నాకు కోపం కాదు, వాళ్ళ చూపు మీద జాలి.

పట్టుకోవడం కూడా తెలుసుకోండి. కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నొప్పి ఉన్నవైపే పట్టుకుంటాం చాలామందిమి, అది తప్పు. దిగేటప్పుడు ముందు కర్ర కింది మెట్టు మీద ఆనించి, తర్వాత కాలు వెయ్యాలి. మోకాలికి కష్టం ఎక్కడంలోకన్నా దిగడంలోనే ఎక్కువ.

"ఒంటరిగా వెళ్ళి ఏమైనా అయితే?" అంటారు. నేను ఒంటరిగా వెళ్ళమనలేదు. నిర్మానుష్యమైన కొండ మీదికి మగవాడు కూడా ఒక్కడే వెళ్ళకూడదు. కాలు మడతపడటానికి ఆడా మగా తేడా లేదు. తోడు వద్దనడం లేదు, తోడంటే మగతోడే అనడం వద్దంటున్నాను. మేం నలుగురం వెళతాం. నేను, మా వదిన, ఎదురింటి అప్ప, ఆవిడ తోటికోడలు. పొద్దున్నే ఎక్కి ఎండ ముదరకముందే దిగుతాం. ఎక్కడికి వెళుతున్నామో ఇంట్లో చెప్పి వెళతాం. చెప్పి వెళ్ళడం వేరు, అడిగి వెళ్ళడం వేరు.

మొన్న గురుభక్తులకొండ ఎక్కాం. రామతీర్థం వెళ్ళినవాళ్ళంతా రాములవారిని చూసి వచ్చేస్తారు గాని, పక్కనే ఆ కొండ మీద బౌద్ధుల విహారాల పునాదులున్నాయి, ఇటుకల స్తూపం ఉంది. దుర్గకొండ గుహలో జైన విగ్రహాలున్నాయి, చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలపు శాసనం ఉంది. అంటే వెయ్యేళ్ళ నాటి మాట. మన ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఇంత ఉంటే, నలభై ఏళ్ళుగా ఈ జిల్లాలో కాపురాలు చేస్తున్న ఆడవాళ్ళకి చూసే తీరిక ఎందుకు చిక్కలేదు? మా వదిన ఆ పునాది గోడ మీద కూర్చుని, "పుట్టి బుద్ధెరిగాక ఇంత సేపు ఎవరికీ ఏదీ వడ్డించకుండా కూర్చోలేదే" అంది. ఆవిడకి యాభై రెండు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వెదురుకి సెగ చూపిస్తే ముదిరాక కూడా వంగుతుంది, నా చేత్తో వంచి చూశాను. మనుషులు వెదురుకన్నా మొండివాళ్ళేం కాదు. మా ఆడపడుచు పోయిన నెల వచ్చినప్పుడు కర్రని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకయితే ఎంత పొడుగు కావాలి?" అని అడిగింది. కొలత తీసుకున్నాను.

భాద్రపదంలో వెదురు నానబెడితే కార్తీకానికి కర్ర సిద్ధం. ఈసారి వనభోజనాలకి పులిహోర ఎవరైనా కలపండి, గిన్నెల దగ్గర కాపలా మాత్రం మగవాళ్ళకి అప్పజెప్పండి. కావాలంటే కోతుల్ని తోలడానికి వాళ్ళకీ ఒక కర్ర ఇద్దాం.